ఎవురు సూసినారు?

ఆయన పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను తిరుపతిలో ఉన్నాను. ఓటర్ల జాబితా సవరణ మీద మా బూత్ లెవెల్ ఆఫీసర్లకు రెండు రోజుల శిక్షణ. మధ్యాహ్నం భోజనం పొట్లం విప్పుతుంటే మా అంగన్‌వాడీ ఆయా ఫోను చేసి, పాలాయన పొద్దున కాలం చేశాడని చెప్పింది. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఎవురు సూసినారు?"

పక్కన కూర్చున్న పలమనేరు టీచరు అన్నం కలపడం ఆపి నా ముఖంలోకి చూసింది. చావు కబురు వింటే ఎవరైనా అయ్యో అంటారు, ఎప్పుడంటారు, ఎట్లా అంటారు. నేనేమో దొంగతనం కేసులో సాక్షిని నిలదీసినట్టు అడిగాను. ఆ మాట నాది కాదు, ఆయనది. ఇన్నేళ్ళు ఆయన వెంట తిరిగినందుకు నాకు అంటుకుంది. చివరికి ఆయన చావు మీదనే దాన్ని వాడాను.

ఊరికి బయల్దేరాలంటే ఎవరినో అడగాలి. ఆ ఎవరో భోజనానికి వెళ్ళారు, వాళ్ళొచ్చేసరికి మూడు దాటింది. పాకాల మీదుగా వచ్చే బస్సు పట్టుకుని ఊళ్ళో దిగేసరికి, మట్టి చేసి వచ్చిన మగవాళ్ళు బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. ఆయన్ను నేను చూడలేదు. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను, తర్వాత దీంతో పనుంది.

ఊరి పాల సెంటరు ఆయన చేతిలో ఉండేది. ఆయనకూ ఒక పేరుంది. ఓటరు లిస్టులో నాలుగు వందల పన్నెండో నంబరు కింద, బిక్కముఖం ఫొటోతో సహా ఉంది. ఆ పేరుతో ఊళ్ళో ఎవరూ పిలిచి ఎరగరు కాబట్టి నేనూ ఇక్కడ రాయను. పాలాయన అంటేనే నాకు మనిషి కనిపిస్తాడు. పొట్టి మనిషి, మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ, చెవి మీద బాల్‌పెన్ను. లాక్టోమీటరు చూడాలంటే పాలమట్టానికి కన్ను దించాలి గదా. ఏళ్ళ తరబడి అదే పని చేసి చేసి, దేన్ని చూడాలన్నా ముందు మోకాళ్ళు వంచి, ఒక కన్ను మూసుకుని చూసేవాడు. పెళ్ళిపత్రిక ఇచ్చినా అంతే, కరెంటు బిల్లు ఇచ్చినా అంతే. ఒకసారి నేను కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళి ఎట్లా ఉన్నాయని అడిగితే, నా ముందు అట్లాగే వంగి చూసి, బాగుండాది, నీళ్ళేం కలపలేదన్నాడు.

పాలల్లో నీళ్ళు కలిపి తెచ్చిన వాళ్ళను ఏనాడూ తిట్టలేదు. మీ ఆవు నిన్న వానలో తడిసినట్టుండాదే అనేవాడు. లైనంతా నవ్వేది. మర్నాడు ఆ ఇంటి పాలు చిక్కగా వచ్చేవి.

ఆయన ఏ పార్టీ మనిషో ఊళ్ళో ఎవరికీ అంతు చిక్కలేదు. ఈ పార్టీ వాళ్ళు ఆ పార్టీ అనేవారు, ఆ పార్టీ వాళ్ళు ఈ పార్టీ అనేవారు. ఇద్దరూ కప్పిన కండువాలు సెంటర్లో పక్కపక్కన మేకులకు వేలాడుతుండేవి. ఒకదానితో క్యాన్లు తుడిచేవాడు, ఇంకోదానితో బల్ల తుడిచేవాడు. సోమవారం సోమవారం మార్చేవాడు. ఎవరికీ చిన్నతనం కాకూడదు గదా అనేవాడు.

మా ఊరికి రెండు కిలోమీటర్ల పైన, గుట్ట వాలులో పైపల్లె ఉంది. సొంత చేను ఉన్నవాళ్ళు తక్కువ, ఇంటికో ఆవు మాత్రం ఉంటుంది. సగం మంది ఏడాదిలో సగం నెలలు బెంగుళూరులో కట్టడాల పనికి పోయి, గంగజాతరకూ ఓట్లకూ తిరిగొస్తారు. పైపల్లె పాలు వేరే క్యానులో పోయించమని ఒకప్పుడు ఊరి పెద్దలు ఒకరిద్దరు ఆయనకు నచ్చజెప్పబోయారట. ఆయన లాక్టోమీటరు వాళ్ళ చేతికిచ్చి, "ఏ పాలు ఏ పల్లెవో ఇది సెప్పితే అట్లే పోపిస్తా" అన్నాడట. అప్పట్నుంచి ఒకటే లైను, ఎవరు ముందొస్తే వాళ్ళది ముందు.

ఆ లైన్లోనే ఆయన ఓటర్ల లిస్టు చదివేవాడు. ఇది మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా నేను చూడలేదు. ఏటా ముసాయిదా జాబితా వచ్చిన వారం, సాయంత్రం పాల లైను నిలబడ్డాక, పాలల్లో వెన్న కొలిచే ఫ్యాట్ మిషను పక్కన స్టూలేసుకుని, లిస్టు కంటి దగ్గరగా పట్టుకుని ఒక్కో పేరూ పిలిచేవాడు. పేరున్నవాళ్ళు "ఉండా" అనాలి. లైన్లో లేనివాళ్ళ కోసం ఇంటివాళ్ళో పక్కింటివాళ్ళో "ఉండాడు" అనో "ఉండాది" అనో చెప్పాలి. మామ పేరొస్తే కోడళ్ళు నోరు విప్పరు, తల ఊపుతారు. ఆయన దానికీ టిక్కు పెట్టేవాడు. పోయినవాళ్ళ పేరొస్తే ఎవరో ఒకరు "లేడు" అనేవారు. అన్నీ అయ్యాక, పేరు రానోళ్ళు ఎవురని అడిగేవాడు. అప్పుడు చేతులు లేచేవి. కొత్త కోడళ్ళవి, కొత్తగా పద్దెనిమిది నిండినవాళ్ళవి, ఉన్న పేరు ఎందుకు ఊడిపోయిందో తెలియని ముసలమ్మలవి. ఆ చేతులన్నీ మర్నాడు ఫారాలై నా బల్ల మీదికొచ్చేవి.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆయన నాకు గిట్టలేదు. పసిపిల్లల బరువులు తూచాలి, గుడ్లు పంచాలి, బాలింతల ఇళ్ళకు తిరగాలి, వీటన్నిటి మీద ఈ ఓట్ల పనొకటి. చెవి మీద పెన్ను పెట్టుకున్న పాల మనిషి వచ్చి నా పని నాకు నేర్పుతుంటే ఒళ్ళు మండేది. ముఖ్యంగా చనిపోయినవాళ్ళ పేర్ల గురించి మహా పట్టింపు. పదకొండో రోజు భోజనాలకు పిలిస్తే తినేసి, ఆకు తీశాక ఇంటివాళ్ళను పక్కకు పిలిచి, లిస్టులోంచి పేరు తీసేయమని కోరే ఫారం ఏడు చేతిలో పెట్టేవాడు. ఇదేం పద్ధతి, కన్నీళ్ళైనా ఆరలేదు గదా అని ఒకసారి గదమాయించాను.

"ఉంచితే ఆ పేరు మింద ఇంగోడొచ్చి ఓటేస్తాడు మ్మా," అన్నాడు. "సచ్చినాయన పేరుతో దొంగపని జరిగితే ఆయనకు మర్యాదా? మన మనిషి పేరు మనమే తియ్యాల."

ఆ మర్యాద దగ్గరే ఆయన కాలు జారింది. ఆయన కాలంటున్నాను గానీ, జారిన కాళ్ళు రెండు జతలు.

నేను చేరిన మొదటి ఏడాది. సాయంత్రం పిలుపుల్లో మునెమ్మ పేరొచ్చింది. మా వైపు గడపకో మునెమ్మ ఉంటుంది. ఒక్క పైపల్లెలోనే అప్పటికి ముగ్గురు, అందులో ఇద్దరి మొగుళ్ళ పేర్లూ మునస్వామే. లైన్లోంచి ఎవరో "లేదు, పోయిన నెల చిత్తూరాస్పత్రిలో" అన్నారు. బయట పాల వ్యాను హారను కొడుతోంది. ఆయన ఆ నంబరు మీద గీత పెట్టి, మర్నాడు ఫారం ఏడు నింపి, సంతకం చేసి నాకిచ్చాడు. నేను ఆ ఇంటికి వెళ్ళి విచారించి సంతకం చేయాలి. పిల్లల బరువులు తూచే రోజు, పైన ఎండ, గుట్టెక్కాలి. ఫారం వెనక్కి తిప్పి "విచారించడమైనది" అని రాసి సంతకం పెట్టాను. ఆ మాట రాయడానికి ఏమంత సేపు పట్టదు.

పోయిన మునెమ్మ ఇంకో మునెమ్మ. మేము కొట్టేసిన మునెమ్మ ఆ ఏటి పోలింగు రోజు ఉతికిన చీర కట్టుకుని, అందరికంటే ముందొచ్చి బూత్ ముందు నిలబడింది. లిస్టులో ఆమె ఫొటో మీద తొలగించిన గుర్తు పడి ఉంది. ఓటు లేదన్నారు. లోపల గొడవ చేయలేదు, ఏడవలేదు. నేరుగా పాల సెంటరుకొచ్చింది. నేనక్కడే ఉన్నాను. ఆయన ముందు నిలబడి చాలా నిదానంగా మాట్లాడింది.

"నన్ను సంపినావంట గదన్నా," అంది. "ఇంగ రేపట్నించి నా పాలు ఎవురివని పోపిచ్చుకుంటావు?"

పైపల్లెకు ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు రావాలంటే అక్కడెన్ని ఓట్లున్నాయో చూసి పంపేవాళ్ళు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఒక్క ఓటు పోయిందంటే ఒక్క మనిషి మాట పోయినట్టు కాదు, ఆ పల్లె బిందెల్లో నీళ్ళు తగ్గినట్టు.

మర్నాడు ఆయన నా దగ్గరికొచ్చి ఆ ఫారం అడిగి తీసుకుని, పూతలపట్టు క్రాసులో జెరాక్సు తీయించుకొచ్చాడు. తర్వాత గుట్టెక్కాడు. నేనూ వెళ్ళాను, పది అడుగులు వెనక. మునెమ్మ ఇంటి ముందు కూర్చుని, పేరు తిరిగి చేర్చడానికి కొత్త ఫారం నింపాడు. నింపాక జేబులోంచి ఆ జెరాక్సు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది నేను సేసిన తప్పు మ్మా. నా కాడుంటే మర్సిపోతా. నీ కాడ ఉండనీ."

ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, రేషను కార్డున్న రేకుపెట్టెలో వేసుకుంది. నేను ఆ కాగితం వైపే చూస్తున్నాను. ఫారానికి ముందు పక్క మాత్రమే ఆయన జెరాక్సు తీయించాడు. వెనక పక్క, నా సంతకం ఉన్న పక్క, తీయించలేదు. దిగేటప్పుడు దాని గురించి ఒక్క మాటైనా అంటాడేమోనని దారంతా ఎదురు చూశాను. ఆయన చెనక్కాయ చేల గురించి మాట్లాడాడు. ఆ దిగుడులోనే నాకు ఆయనంటే ప్రేమ పుట్టింది. సిగ్గు కూడా అప్పుడే పుట్టింది, రెండూ కలిసే పెరిగాయి.

ఆ రోజు నుంచి ఆయన నోటికి ఈ మాట పట్టుకుంది. లిస్టు చదువుతుంటే ఎవరైనా "లేడు" అంటే, తలెత్తి, "ఎవురు సూసినారు?" అనేవాడు. కళ్ళారా చూసినవాళ్ళు ముందుకొచ్చి చెప్పాలి. లేకుంటే ఆయనే గుట్టెక్కి, దండేసిన ఫొటో చూసొచ్చి అప్పుడు గీత పెట్టేవాడు. క్రమంగా అది అన్నిటికీ పాకింది. పాకాల్లో పెద్ద వాన పడుతోందంట అంటే, ఎవురు సూసినారు? ఫలానా వాళ్ళ పిల్ల ఎవరితోనో బస్సెక్కిందంట అంటే, ఎవురు సూసినారు? లైన్లో చాడీలు చెప్పే ఆడవాళ్ళకు ఆయన మీద మహా కోపం. ఈ మనిషి ముందు నోరారా ఒక ముచ్చటైనా చెప్పుకోలేమని మూతులు తిప్పేవారు. టీవీలో ఎవరో గెలుస్తారని సర్వే చెబితే టీవీని కూడా అడిగాడు.

మునెమ్మ పాలు పోయడం మానలేదు. రోజూ పొద్దున అందరికంటే ముందొచ్చి, క్యాను బల్ల మీద పెట్టి, "నన్ను సంపిన అన్నా, బాగుండావా?" అని పలకరించేది. ఆయన మోకాళ్ళు వంచి లాక్టోమీటరు చూస్తూ, "నువ్వుండావా?" అనేవాడు. ఆమె "ఉండా" అనేది. ఏళ్ళ తరబడి ఇదే వాళ్ళ నమస్కారం. కొత్తగా వచ్చిన కోడళ్ళు ఇది విని జడుసుకునేవారు.

తర్వాత కొన్నేళ్ళకు, అసెంబ్లీ ఎన్నికలు దగ్గర పడుతుండగా, నా దగ్గరికి ఒక కట్ట ఫారం ఏడులొచ్చాయి. అన్నీ పైపల్లెవి. పల్లెలో ఓటున్న వాళ్ళలో సగానికి పైగా ఊరు వదిలి వెళ్ళిపోయారు, పేర్లు తీసేయండి అని. ఒకే చేతిరాత, ఒకే సిరా. కట్ట వెనకే మోటారుసైకిలు మీద ఒకాయన వచ్చాడు. ఎవరి మనిషో నాకు తెలుసు. అంగన్‌వాడీలో పిల్లల బుజ్జి కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. నవ్వొచ్చే సంగతే, నాకు మాత్రం నవ్వు రాలేదు. వాళ్ళంతా బెంగుళూరులోనే గదా ఉండేది, నువ్వు పని గట్టుకుని గుట్టెక్కాల్సిన పనేముంది, విచారించడమైనది అని రాసేయి చాలు అన్నాడు. పోతూ పోతూ, ఈ టీచరు పోస్టు కోసం మా వైపు చాలామంది తిరుగుతున్నారమ్మా అని కూడా అన్నాడు.

నాకు భయమేసింది. ఆ మాట ఇంతకు ముందొకసారి రాసిన చెయ్యి నాది, అందుకని ఇంకా భయమేసింది. సాయంత్రం కట్ట తీసుకుని సెంటరుకు వెళ్ళాను. ధైర్యం వచ్చి కాదు, భయాన్ని ఇంకొకరితో పంచుకోవడానికి.

ఆయన ఒక్కో కాగితం కంటి మట్టానికి పెట్టుకుని చూస్తూ పోయాడు. ఫిర్యాదు చేసినవాడి పేరున్న చోట ఆగాడు. అన్నిటి మీదా ఆయన పేరే ఉంది. కింద సంతకం.

"నా సంతకం నాకంటే బాగా పెట్టినాడే," అని నవ్వాడు. తర్వాతి కాగితం మునెమ్మది. నవ్వు ఆగిపోయింది.

ఎవరు చేశారో గానీ తెలివైనవాళ్ళు. ఆయన ఒకసారి మునెమ్మను చంపిన సంగతి ఊరూవాడా తెలుసు. రెండోసారి పల్లెలో సగం మందిని చంపాడంటే నమ్మడానికి ఎంతసేపు? మోటారుసైకిలాయన పైపల్లె మీదుగానే వెళ్ళినట్టున్నాడు, కబురు మాకంటే ముందే గుట్టెక్కింది. మర్నాడు పొద్దున పైపల్లె నుంచి ఒక్క క్యాను రాలేదు. లైను సగమే ఉంది. మునెమ్మ నిలబడే చోటు ఖాళీ. ఆయన ఆ ఖాళీ వైపు చూస్తూ ఉన్నవాళ్ళ పాలు పోయించుకున్నాడు. ఒకరి ఫ్యాటు ఇంకొకరి కార్డులో రాశాడు. ఆ చెవి మీద పెన్ను తీసి తప్పు రాయడం నేను చూడ్డం అదొక్కసారే.

ఆ సాయంత్రం సెంటరు మూత పడింది. నాకు తెలిసి అంతకు ముందు ఎప్పుడూ మూత పడలేదు. లిస్టు, ఆ కట్ట తీసుకుని గుట్టెక్కాడు. ఈసారి నేను పక్కనే నడిచాను. పల్లె మధ్యలో నిలబడి మొదటి పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. రెండో పేరు. గడపల్లో మనుషులున్నారు, చూస్తున్నారు, పలకడం లేదు. మూడో పేరు పిలిచాడు. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

మునెమ్మ ఇంట్లోంచి రేకుపెట్టెతో సహా వచ్చింది. కొత్త కాగితం ఇమ్మని చెయ్యి చాపింది. దాన్నీ, తన మడతల జెరాక్సునూ నులకమంచం మీద పక్కపక్కన పరిచింది. ఆమెకు చదువు అంతంత మాత్రమే. చాలాసేపు వంగి చూసింది, ఆయన లాక్టోమీటరు చూసినట్టే.

"ఇది నీది గాదు," అంది. "నువ్వు నన్ను సంపినప్పుడు పెట్టిన సంతకం నేను రోజూ సూస్తా ఉండా. నీ సేతి వణుకుడు దాంట్లో ఉండాది. దీంట్లో లేదు." తర్వాత పల్లెకంతా వినపడేటట్టు, "సదువన్నా. నేనుండా" అంది.

ఆ తర్వాత ఒక్కో గడప నుంచీ "ఉండా" వచ్చింది. బెంగుళూరులో ఉన్నవాళ్ళ కోసం ఇంటివాళ్ళు "ఉండాడు" అంటే ఆయన ఊరుకోలేదు. ఎవురు సూసినారన్నాడు. దాంతో వీడియో కాల్ మొదలైంది. దొరస్వామి అనే మేస్త్రీ ఏదో కట్టడానికి నాలుగో అంతస్తున కట్టిన సారువ కర్రల మీద ఉన్నాడు. ఫోను తలకిందులుగా పట్టుకుని, ఈడే ఉండాను, జాతరకొస్తా ఉండాను అని అరుస్తున్నాడు. ఆయన ఒక కన్ను మూసుకుని, లిస్టులో ఫొటోనూ ఫోనులో ముఖాన్నీ మార్చి మార్చి చూసి, హెల్మెట్టు తియ్యమన్నాడు. తీస్తే బట్టతల. ఫొటోలో ఒత్తయిన జుట్టు. పల్లెంతా పగలబడి నవ్వింది. దొరస్వామి తన పేరు, నాయన పేరు, ఇంటి నంబరు, చివరికి తన ఆవు పేరు కూడా చెప్పాక గానీ టిక్కు పడలేదు.

మర్నాడు ముగ్గురం మండలాఫీసుకు వెళ్ళాం. ప్రతి ఫారం మీదా "స్వయంగా చూశాను" అని నేను రాసుకెళ్ళాను. ఆ రెండు మాటలు రాయడానికి గుట్టెక్కి దిగాలి, అందుకే వాటికి బరువు. అక్కడి అధికారి మునెమ్మ జెరాక్సు చూసి, ఆయన్ను తెల్ల కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. అదే వణుకు. కట్టంతా తిరస్కరించారు. ఆ దొంగ సంతకాలు ఎవరు పెట్టారో మాత్రం తేలలేదు. మోటారుసైకిలాయన ఇప్పటికీ పూతలపట్టు క్రాసులో ఎదురైతే అటు తిరిగి నిలబడతాడు. నా ఉద్యోగం నాకే ఉంది.

తిరుగు బస్సులో ఆయన ముందు సీట్లో కునుకు తీస్తుంటే, నేను మునెమ్మ పక్కన కూర్చుని అసలు సంగతి చెప్పేశాను. ఆ ఫారం వెనక పక్క నా సంతకం కూడా ఉందని, ఆయన దాన్ని నీకు చూపించలేదని. ఆమె ఒళ్ళో ఉడకబెట్టిన చెనక్కాయల పొట్లం ఉంది.

"తెల్సు మ్మా," అంది. "ఒక్క సంతకానికే మనిషి సస్తాదా?"

పొట్లం నా వైపు జరిపింది. నేను కిటికీ వైపు తిరిగి చెనక్కాయలు ఒలుచుకుంటూ ఏడ్చాను. ఆమె చూడనట్టే కూర్చుంది.

ఆ ఎన్నికల రోజు పైపల్లె అంతా వచ్చింది. దొరస్వామి రాత్రంతా బస్సులో నిలబడి వచ్చాడట. ఆయన మాత్రం ఎప్పట్లాగే బూత్‌కు దూరంగా టీ అంగడి దగ్గర కూర్చుని, వేలికి సిరాతో బయటికొచ్చే ఒక్కొక్కరికీ తన లిస్టులో టిక్కు పెట్టుకుంటూ, గేటు మూసే వేళకు ఆఖరి మనిషిగా వెళ్ళి ఓటేసి వచ్చాడు. ఎవరికేశాడో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆయన పోయిన మూడు వారాలకు ఈ ఏటి ముసాయిదా జాబితా వచ్చింది. సెంటర్లో ఇప్పుడు డెయిరీ వాళ్ళు పలమనేరు నుంచి పంపిన కుర్రాయన ఉన్నాడు, మంచివాడే. లిస్టు ఎవరు చదవాలన్న ప్రశ్నే రాలేదు. సాయంత్రం నేను వెళ్ళేసరికి స్టూలు ఫ్యాట్ మిషను పక్కన వేసి ఉంది. కండువాలు రెండూ మేకులకే ఉన్నాయి, ఎవరూ మార్చినట్టు లేదు.

చదువుతూ పోయాను. ఉండా, ఉండాది, ఉండాడు. నాలుగు వందల పదకొండు దాటాక ఆగాను. దాటేసి పోదామా అనుకున్నాను. ఆ పేరు లిస్టులో ఒక ఏడాది ఉంటే ఏం పోతుంది, ఉండనీ, అనిపించింది. ఆ అనిపించడం ఆయనకు తెలిస్తే ఏమనేవాడో కూడా తెలుసు. చదివాను. అలవాటు లేని పేరు గదా, లైన్లో కొందరు ఎవరదని ముఖాలు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరికే అర్థమై తలలు వంచుకున్నారు. ఎవరూ పలకలేదు. చెప్పాల్సింది నేనే. కానీ నేను చూడలేదు.

మునెమ్మ క్యాను కింద పెట్టింది.

"లేడు," అంది.

లైను కదల్లేదు. ఆమె నా వైపు చూస్తూనే ఉంది. "అడగవా మ్మా?" అంది.

అడిగాను. "ఎవురు సూసినారు?"

"నేను సూసినా. ఆ పొద్దు లైన్లో ముందు నేనే. నువ్వుండావా అని అడిగినాడు, ఉండా అంటి. నా పాలు సూస్తా సూస్తానే కూలబడినాడు. నీళ్ళు పోసినా, మింగలేదు." నా చేతిలోని లిస్టు చూపించింది. "రాసుకో."

ఫారం ఏడు అక్కడే బల్ల మీద నింపాను. సంతకం తను పెడతానంది. పెద్ద పెద్ద అక్షరాలతో, పెన్ను కాగితంలోకి దిగేటట్టు నొక్కి తన పేరు రాసింది. నేను వెనక్కి తిప్పి సంతకం చేశాను. మడిచి సంచిలో పెట్టుకోబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"దీనికి గూడా జెరాక్సు ఒకటి తీసియ్యి మ్మా. పెట్టిలో దాని పక్కన పెట్టుకుంటా."

మర్నాడు పూతలపట్టు క్రాసులో దిగి తీయించాను. అంగడాయన కాగితం మిషను మీద బోర్లించి, ఒక పక్క చాలా అని అడిగాడు. రెండు పక్కలా తియ్యమన్నాను.